వాయనానికి వెల

సామర్లకోట గానుగ వీధిలో సువర్చల అనే ఇల్లాలు ఉండేది. చెయ్యి మంచిది, మాట ఇంకా మంచిది, కానీ ఎవరైనా తన మాటకు "కాదు" అంటే ఆ పూట ఆమెకు అన్నం సహించేది కాదు.

అలా అనేవాళ్ళు ఆ వీధిలో దాదాపు లేరు. సువర్చల కుంకుమభరిణ పట్టుకుని గడప దగ్గర నిలబడి, నుదుట బొట్టు పెట్టి, "సాయంత్రం మా ఇంటికి పేరంటానికి రావాలి" అంటే, పొయ్యి మీద కూర మాడుతున్నా సరే ఆడవాళ్ళు దించి వచ్చేవారు. బొట్టు పెట్టి పిలిచిన పిలుపును కాదనకూడదని మనవైపు పట్టింపు. ఆ పట్టింపుకు సువర్చల నవ్వు తోడయ్యేది. "సువర్చలమ్మ పిలిస్తే గోడలు కూడా లేచి వస్తాయి" అని అందరూ అనేవారు. ఆ మాటకు ఆమె మురిసిపోయేది. వాళ్ళు బొట్టు మీద గౌరవంతో వస్తున్నారని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. తనను చూసే వస్తున్నారనుకునేది.

అదే ఇంటి మేడమీద ఆమె తోడికోడలు వకుళ ఉండేది. వకుళకు పదిమందిలో నోరు పెగలదు. కానీ ఫోనును పప్పుడబ్బాకు ఆనించి ఒక్కతే కూర్చుంటే మాత్రం చక్కగా మాట్లాడేది. కుక్కరో, పెనమో, గ్రైండరో తాను వాడి చూసి, అందులో మంచేమిటో చెడేమిటో చెప్పి వీడియో పెట్టేది. దాని కింద దుకాణం లింకు ఉండేది. ఎవరైనా ఆ లింకు నొక్కి వస్తువు కొనుక్కుంటే దుకాణం వాళ్ళు వకుళకు కొంత కమీషను ఇచ్చేవారు. దీన్ని అఫిలియేట్ మార్కెటింగ్ అంటారు. పేరు పెద్దది గానీ పని చిన్నదే: తెలిసిన మంచి కొట్టు చూపించడం.

ఒకరోజు వకుళ ఫోనుతో ఇలా చెబుతోంది: "ఈ కుక్కరులో పప్పు మెత్తగా ఉడుకుతుంది. కానీ పిడి వదులవుతుంది. అప్పుడప్పుడూ మర బిగించుకోవాలి. చేతుల్లో పట్టు తగ్గిన పెద్దవాళ్ళు మాత్రం ఇది కొనకండి."

మెట్ల మీద నిలబడి విన్న సువర్చల పకపకా నవ్వింది. "ఏమే వకుళా, అమ్ముకునేదాని వంకలు నువ్వే చెబితే ఇక కొనేదెవరే? పెళ్ళిచూపుల్లో మన పిల్లకు మెల్లకన్నుందని మనమే చెప్పినట్టుంది!"

"నేను చెప్పకపోతే వాళ్ళింటికి వెళ్ళాక ఆ కుక్కరే చెబుతుంది కదక్కా" అంది వకుళ.

"బాగుంది సంబడం. ఇంతకీ పోయిన నెల ఏమాత్రం వచ్చిందేమిటి?"

"పాల ఖర్చుకు సరిపోయింది."

"పాల ఖర్చుకా! ఇంత వాగుడూ పాల ఖర్చుకా!"

వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారు శేషమ్మ తల ఎత్తకుండానే అంది: "పాలని తీసిపారెయ్యకే. పొద్దున్న నువ్వు రెండుసార్లు తాగిన కాఫీలో పోసినవి అవే."

సువర్చల మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మరిచిపోకముందే ఇక్కడొక సంగతి చెప్పాలి. సువర్చలకు హారతి అని ఒక కూతురు ఉంది. ఆ ఏడే పెళ్ళయి రాజమండ్రిలో కాపురం పెట్టింది. చిన్నప్పటినుంచి పడుతున్న అట్లతద్ది నోముకు ఆ సంవత్సరం పుట్టింట్లో ఉద్యాపన చేసుకోవాలి. ఉద్యాపన అంటే నోము తీర్చుకోవడం. పదిమందికి తగ్గకుండా ముత్తైదువలు వచ్చి, అట్ల వాయనం పుచ్చుకుంటేనే అది తీరినట్టు. ముత్తైదువలు రాకపోతే నోము అలాగే మిగిలిపోతుంది. సువర్చలకు ఆ దిగులు లేదు. తాను పిలిస్తే రానిదెవరు? అట్లతో పాటు అందరికీ తలా ఒక వెండి భరిణ ఇవ్వాలని మాత్రం ఆమెకు కోరికగా ఉండేది. దానికోసం కొంత దాచింది. అది చాలేలా లేదు.

సరిగ్గా శ్రావణమాసం రాగానే మణిమాల కారులో దిగింది. పెద్దాపురం బళ్ళో సువర్చలతో కలిసి చదువుకున్న మనిషి. చీరకు బంగారు రంగు బిళ్ళ గుచ్చుకుంది. చేతిసంచీ నిండా ఏదో బలం పొడి డబ్బాలు. ఆ కంపెనీ పేరు నాకిప్పుడు గుర్తు లేదు. గుర్తున్నా లాభం లేదు; అలాంటివి బోర్డులు మార్చుకుంటూనే ఉంటాయి.

"చాలా తేలికే సువర్చలా" అంది మణిమాల. "నువ్వు కొంత కట్టి చేరతావు. నీకు పొడి డబ్బాలిస్తారు. నీ కింద ఇద్దర్ని చేర్పిస్తావు. ఆ ఇద్దరూ చెరో ఇద్దర్ని చేర్పిస్తారు. వాళ్ళు కట్టే ప్రతి దాంట్లో నీకు వాటా వస్తుంది. ఆ తరువాత నువ్వు మంచం మీద పడుకున్నా గొలుసు దానంతటదే పాకుతూ ఉంటుంది."

"మరి పొడి ఎవరు తాగుతారమ్మా?" అని చిక్కుడుకాయలు ఒలుస్తూనే అడిగింది శేషమ్మ.

మణిమాల నవ్వేసింది. "పొడిదేముంది పిన్నిగారూ, అదొక వంక. అసలు సరుకు మనుషులే!"

శేషమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. సువర్చల చెవికి మాత్రం ఆ మాట ఎక్కలేదు. ఎందుకంటే మణిమాల వెంటనే ఇంకో మాట అంది: "నీ పిలుపుకు వీధి వీధంతా కదులుతుందటగా! నీలాంటిది చేరితే ఏడాది తిరక్కుండా సిల్వర్, గోల్డ్ మెట్లు దాటి డైమండ్ అయిపోతుంది. స్టేజీ ఎక్కించి కిరీటం పెడతారు తెలుసా?"

ఇక సువర్చలకు వెండి భరిణెలు కళ్ళముందు మెరిశాయి. వాటి పక్కన కిరీటం కూడా.

ఆ శుక్రవారం పేరంటంలోనే అందరినీ చేర్పించాలని ఆమె నిశ్చయించుకుంది. సంగతి విని వకుళ మేడ దిగి వచ్చింది. "అక్కా, నువ్వు చేరాలనుకుంటే చేరు. కానీ పేరంటంలో పెట్టకు. బొట్టు పెట్టి పిలిస్తే వాళ్ళు కాదనలేరు."

"కాదనలేరనే కదే పిలిచేది!" అంది సువర్చల.

శుక్రవారం సాయంత్రం వీధిలో ఆడవాళ్ళంతా వచ్చారు. సువర్చల వాళ్ళ కాళ్ళకు పసుపు రాసింది. మెడకు గంధం పూసింది. తాంబూలంలో నానబెట్టిన శనగలు, అరటిపళ్ళు పెట్టింది. వాటి అడుగున ఒక్కో పొడి డబ్బా పెట్టింది.

"ఇస్తినమ్మ వాయనం" అంది.

"పుచ్చుకుంటినమ్మ వాయనం" అన్నారు వాళ్ళు అలవాటుగా.

అప్పుడు లోపలి గదిలోంచి మణిమాల వచ్చింది. కింద ఇద్దరు, వాళ్ళ కింద నలుగురు అంటూ గొలుసు గురించి చెప్పింది. చివరకు, "మీ కొంగులో ఉన్న డబ్బా మీ అదృష్టం. పుచ్చుకున్నారు కాబట్టి ఇక డబ్బు కట్టి చేరడమే తరువాయి" అంది. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొంగులో ఉన్నది శనగల బరువు కాదని అప్పుడు తెలిసింది.

రైలు గేటు దగ్గర ఇడ్లీబండి పెట్టుకునే నూకరత్నం మెల్లగా నోరు విప్పింది. "వదినా, నా దగ్గరున్నది గ్రైండరు కోసం దాచుకున్నదే. రోట్లో రుబ్బలేక మణికట్టు లాగేస్తోంది. నన్నొదిలెయ్యి."

"గ్రైండరేమిటి రత్నం! కాస్త ఓపిక పడితే గ్రైండర్ల కొట్టే పెట్టొచ్చు" అంది సువర్చల. నూకరత్నం ఇంకా తటపటాయిస్తుంటే ఆమె నవ్వు మాయమైంది. "మా ఇంట వాయనం పుచ్చుకుని కాదంటావా?"

నూకరత్నం తల వంచుకుంది. ఆమె తల వంచుకున్నాక మిగతావాళ్ళూ ఒక్కొక్కరే వంచారు. ఆ వారంలోనే అందరూ డబ్బు కట్టి చేరారు. సువర్చలకు సిల్వర్ బిళ్ళ వచ్చింది. వీధికొచ్చే కూరగాయల మనిషికి కూడా దాన్ని చూపించింది.

ఆ తరువాత భాద్రపదం వచ్చింది. చేరినవాళ్ళంతా తమ కింద ఇద్దరి కోసం వెతకడం మొదలుపెట్టారు. గానుగ వీధిలో ఎవరింటికి వెళ్ళినా అక్కడ అప్పటికే డబ్బాలున్నాయి. పక్క వీధికి వెళితే అక్కడా ఉన్నాయి. అందరూ అమ్మేవాళ్ళే గానీ కొనేవాళ్ళు లేరు. ఒకావిడ ఆ పొడిని దోసెల పిండిలో కలిపితే దోసెలు పెనానికి అంటుకుపోయాయి. ఇంకొకావిడ తులసికోటలో పోస్తే చీమలు పట్టాయి. పొద్దున్నే ఎవరైనా సంచీతో వస్తుంటే చాలు, అరుగు మీది కుర్చీలు లోపలికి వెళ్ళిపోయేవి. చుట్టాలు ఫోన్లు ఎత్తడం మానేశారు. సువర్చల మాత్రం ఎదురుపడ్డ ప్రతివాళ్ళనూ "బాగున్నావా" అని అడగడం మానేసి "నీ ఇద్దరేరీ?" అని అడిగేది. పక్క వీధులవాళ్ళు కూడా కొందరు చేరాక ఆమెకు గోల్డ్ ఖాయమైందని మణిమాల కబురు చేసింది.

ఇంతలో ఆశ్వయుజం వచ్చింది. అట్లతద్ది దగ్గర పడింది. సువర్చల కొత్త చీర కట్టుకుని, కుంకుమభరిణ పట్టుకుని ఉద్యాపనకు పిలవడానికి బయలుదేరింది.

మొదటి ఇంటి తలుపు వేసి ఉంది. ఆమె తలుపు తట్టింది.

"ఇంట్లో ఎవరూ లేరండీ!" అని లోపలినుంచి గొంతు వినబడింది. అది మరిడమ్మ గొంతు.

"మరి నువ్వెవరే?" అంది సువర్చల.

లోపల ఏదో గిన్నె దొర్లింది. తరువాత, "నేనూ లేనండీ!" అని సమాధానం వచ్చింది.

రెండో ఇంటావిడ కుంకుమభరిణ చూడగానే నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇంకా తలంటుకోలేదు వదినా, బొట్టొద్దు" అంటూ వెనక్కి వెనక్కి నడిచి గడప దాటి లోపలికి వెళ్ళిపోయింది. మూడో ఇంట్లో సోడాల కొట్టువారి పెద్దావిడ ఉంది. ఆవిడకు దాచుకుని మాట్లాడడం చేతకాదు. "అమ్మాయ్, వాయనమంటే ఇచ్చి మరిచిపోయేది. నువ్వు ఇచ్చి వెల అడిగావు. ఇంక నీ ఇంట పళ్ళెం పుచ్చుకోవాలంటే అడుగున ఏముందో అని భయమేస్తోంది. నేను రాను" అంది.

సువర్చలకు మొహం కందిపోయింది. భరిణ మూత పెట్టి గిర్రున వెనుదిరిగింది. ఆఖరున నూకరత్నం ఇంటికి వెళ్ళింది.

నూకరత్నం పెరట్లో రోటి ముందు కూర్చుని ఉంది. కుడి మణికట్టుకు గుడ్డ చుట్టుకుని ఎడం చేత్తో పొత్రం తిప్పుతోంది. సువర్చలను చూసి లేచి, చెయ్యి కడుక్కుని, నుదురు ముందుకు పెట్టింది.

"పెట్టు వదినా. బొట్టు కాదనకూడదు. కానీ రాలేనేమో. ఎడం చేత్తో రుబ్బితే పిండి తెమలట్లేదు. పిండి తెమలకపోతే మర్నాడు బండి లేదు."

ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. కోపం లేదు. అదే సువర్చలను కొట్టింది. కుంకుమ అంటిన ఆమె వేలు గాలిలోనే నిలిచిపోయింది. ఆ నుదుటిని ముట్టుకునే అర్హత తన వేలికి లేదనిపించింది. బొట్టు పెట్టకుండానే ఇంటికి వచ్చేసింది.

ఇంటికి రాగానే రాజమండ్రినుంచి ఫోను మోగింది. "అమ్మా, ముత్తైదువలు అందరూ సరేనన్నారా?" అని హారతి అడిగింది.

"పిలుస్తున్నానే" అంది సువర్చల. ఫోను పెట్టేసి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

శేషమ్మ కోడలి పక్కన కూర్చుంది. జరిగిందంతా విన్నది. "ఇచ్చిన వాయనం వెనక్కి అడక్కూడదు. కానీ తీసుకున్న వెల వెనక్కి ఇవ్వొచ్చు. ఇవ్వాలి కూడా" అంది.

సువర్చల కళ్ళు తుడుచుకుని నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. తన గ్రైండరును కడిగి తుడిచింది. వకుళను సాయం పిలిచి ఇద్దరూ దాన్ని రిక్షాలో నూకరత్నం ఇంటికి చేర్చారు.

నూకరత్నం బిత్తరపోయింది. "ఇదేంటి వదినా? ఇదీ వాయనమేనా?" అని భయంగా అడిగింది.

"కాదు రత్నం. ఇది నువ్వు కొనుక్కోవలసింది. నేను అడ్డుపడ్డాను. నీది నీకు తెచ్చాను" అంది సువర్చల.

కానీ మిగతావాళ్ళ సంగతి? వాళ్ళ డబ్బు కంపెనీలో ఉంది. సువర్చల మణిమాలకు ఫోను చేసింది. మణిమాల కొట్టిపారేసింది. "డబ్బు వెనక్కా? ఈ ఆదివారం కాకినాడలో పెద్ద సభ పెట్టుకుని ఇప్పుడా మాట! నీకు గోల్డ్ కిరీటం పెడుతున్నాం. నువ్వు నీ ధోరణిలో నాలుగు మాటలు మాట్లాడావంటే హాలు హాలంతా నీ కింద చేరుతుంది. ఆ వచ్చేదాంతో మీ వీధివాళ్ళకు ఇచ్చేసుకో. నిన్ను ఎవరు వద్దన్నారు?"

సువర్చలకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. వీధివాళ్ళ డబ్బు తీరుతుంది. ఉద్యాపనకు అందరూ వస్తారు. పైగా కిరీటం. ఆమె గబగబా మేడెక్కి వకుళకు చెప్పింది. "బాగుంది కదే? మన వీధి గట్టెక్కుతుంది కదా?"

"ఎక్కుతుందక్కా" అంది వకుళ. "కాకినాడలో ఇంకో వీధి మునుగుతుంది."

సువర్చల మెట్టు మీద కూలబడింది. తల ఎత్తి అడిగింది: "మరి నీ దాంట్లో? నీ మాట విని కొన్నవాళ్ళు నీ కింద ఉండరా?"

"నా కింద ఎవరూ ఉండరక్కా. కొన్నవాళ్ళు వాళ్ళ వంటింట్లో ఉంటారు. వద్దనుకున్నవాళ్ళూ వాళ్ళ వంటింట్లోనే ఉంటారు. కొనమని నేను ఎవరినీ పట్టుకుని కూర్చోను. నాకిచ్చేది దుకాణం వాడు, అదీ ఎవరికైనా ఆ వస్తువు నిజంగా కావలసి వస్తేనే."

"అయితే అందులో మోసమే లేదంటావు?"

"ఎందుకు లేదు? చెత్త కుక్కరును బంగారమంటే అదీ మోసమే. అలా అనేవాళ్ళూ ఉన్నారు. కానీ రెండోసారి వాళ్ళ మాట ఎవరు వింటారు? నా సరుకు బాగుంటే నాకు నాలుగు రాళ్ళొస్తాయి. మణిమాల గారికి కొత్త మనిషి దొరికితేనే వస్తాయి. మనుషులు ఎక్కడో ఒకచోట అయిపోతారు కదక్కా."

సువర్చల మెట్టు మీదినుంచి లేచింది. ఆదివారం కాకినాడ వెళ్ళింది. వకుళను వెంటబెట్టుకుని వెళ్ళింది.

ఫంక్షన్ హాలు కిటకిటలాడుతోంది. చెవులు చిల్లులు పడేలా పాటలు పెట్టారు. మణిమాల సువర్చలను స్టేజీ ఎక్కించి కిరీటం పెట్టింది. అట్టకు బంగారు కాగితం చుట్టిన కిరీటం అది. చెవుల మీద గుచ్చుకుంది. చప్పట్లు మోగాయి. మైకు ఆమె చేతికి ఇచ్చారు. ఒక్క క్షణం ఆ చప్పట్లు ఆమెకు తీయగానే ఉన్నాయి. ముందు వరుసలో ఒక చేనేత చీర ఆవిడ సంచీలోంచి డబ్బు తీసి చేతిలో పట్టుకుని, సువర్చల మొహంలోకే నమ్మకంగా చూస్తోంది. ఆవిడ మణికట్టుకు గుడ్డేమీ లేదు. అయినా సువర్చలకు నూకరత్నమే కనిపించింది.

"నేను పిలిస్తే ఎవరూ కాదనరని నాకు పేరు" అని మొదలుపెట్టింది సువర్చల. "ఇవాళ మిమ్మల్ని చేరమని పిలవను. ఒక్క ప్రశ్న అడుగుతాను. మీ దగ్గర ఈ పొడిని, చేరాలని కాకుండా, కేవలం తాగడానికని డబ్బు పెట్టి కొనుక్కున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఒక్కరున్నా చెయ్యెత్తండి."

ముందు వరుసల్లో ఒక్క చెయ్యీ లేవలేదు. చివరి వరుసలో ఒకాయన చెయ్యెత్తాడు.

"చెప్పండి బాబూ, ఎవరు కొన్నారు?"

"మా అత్తగారండి."

"తాగారా?"

"లేదండి. నా మీద జాలితో కొన్నారండి, ఆయ్!"

హాలంతా గొల్లుమంది. నవ్వు తగ్గేదాకా సువర్చల ఆగింది. "ఇప్పుడు, తమ కింద ఇద్దరి కోసం వెతుకుతున్నవాళ్ళు చెయ్యెత్తండి" అంది.

హాలునిండా చేతులు లేచాయి. లేచిన చేతులు పక్క చేతులను చూశాయి. నవ్వు ఆగిపోయింది.

"చూశారా! మనమంతా అమ్మేవాళ్ళమే. కొనేవాడు లేని సంత ఇది. ఆఖరున చేరినవాళ్ళ డబ్బే ముందు చేరినవాళ్ళ రాబడి. మా వీధిలో ఆఖరిమనిషి రోజూ ఎడంచేత్తో పిండి రుబ్బుకుంటోంది. మీ వీధిలో ఆ ఆఖరిమనిషి ఎవరో మీకు తెలుసు."

మణిమాల పరుగున వచ్చి మైకు తీగ లాగేసింది. సువర్చలకు మైకుతో పనేముంది? వీధి ఈ కొసనుంచి ఆ కొసకు పేరంటం కబురు చెప్పిన గొంతు అది. కిరీటం తీసి బల్లమీద పెట్టింది.

"మణిమాలా, నేను తెచ్చినవాళ్ళంతా మూత తియ్యని డబ్బాలు పట్టుకొస్తారు. వాళ్ళ డబ్బు వాళ్ళకు ఇచ్చెయ్యండి. ఇవ్వకపోతే వినియోగదారుల కోర్టుకు ముందు నేనే వెళతాను. నేను పిలిస్తే నా వెనక ఎంతమంది వస్తారో నీకు బాగా తెలుసు!"

"మేమూ వస్తాం!" అని ఆ వెనక వరుస అల్లుడుగారు లేచాడు. ఆ వెంట హాలంతా లేచి నిలబడింది. ముందు వరుసలో చేనేత చీర ఆవిడ డబ్బును మళ్ళీ సంచీలో పెట్టుకుని గట్టిగా ముడి వేసుకుంది.

అంతమంది ఒక్కసారి లేచేసరికి కంపెనీ వాళ్ళకు దారి లేకపోయింది. మూడు రోజుల్లో మూత తియ్యని డబ్బాలన్నీ తీసుకుని డబ్బు తిరిగి ఇచ్చారు. దోసెల్లో కలిపినవీ తులసికోటలో పోసినవీ కొన్ని మిగిలాయి కదా, వాటి డబ్బు సువర్చల తనకు ముట్టిన వాటాతోనూ, వెండి భరిణెలకు దాచినదాంతోనూ ఇచ్చేసింది. ఆ దాచినదంతా దానికే సరిపోయింది.

ఆ డబ్బు ఇచ్చేటప్పుడే ఇల్లిల్లూ తిరిగి ఒక మాట చెప్పింది. ఈసారి చేతిలో కుంకుమభరిణ లేదు. "ఎల్లుండి మా హారతి ఉద్యాపన. బొట్టు పెట్టి పిలవను. వీలైతే రండి. రాకపోతే నేనేమీ అనుకోను."

ఆమె జన్మలో అన్నిటికన్నా కష్టపడి అన్న మాట అది. సోడాల కొట్టువారి పెద్దావిడ డబ్బు కళ్ళకు అద్దుకుని పుచ్చుకుంది. "మంచిపని చేశావు. కానీ నేను మాత్రం రానమ్మాయ్. నా మనసింకా కుదుటపడలేదు" అంది.

"సరే పెద్దమ్మా" అంది సువర్చల. ఆ పూట ఆమెకు అన్నం హాయిగా సహించింది.

అట్లతద్ది రోజు వచ్చింది. హారతి చేతులకు గోరింటాకు పెట్టుకుని ఉపవాసం ఉంది. సువర్చల పొద్దున్నే అట్లకని బియ్యం, మినప్పప్పు బోలెడు నానబోసింది. మధ్యాహ్నం నీళ్ళు వంపి, రుబ్బుదామని వంటింటి మూలకు తిరిగింది. అక్కడ గ్రైండరు లేదు. ఉంటే కదా! వకుళ దగ్గరున్నది చిన్న మిక్సీ. ఒక వాయి తిప్పేసరికే అది వేడెక్కి ఆగిపోయింది. పొద్దు వాలుతోంది. వీధిలో అలికిడి లేదు. హారతి గుమ్మంలోకి వచ్చి చూసి వెనక్కి వెళ్ళింది. సువర్చల నానిన పప్పు ముందు చతికిలపడింది.

అప్పుడు ఇంటిముందు ఇడ్లీబండి ఆగిన చప్పుడైంది. బండి మీద మూతపెట్టిన పెద్ద గిన్నె ఉంది. నూకరత్నం కొత్త చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని ఉంది.

"గ్రైండరు నా దగ్గరుంటే నువ్వు అట్లకేం రుబ్బుతావు వదినా? తలంటుకుని, మడిగానే రుబ్బుకొచ్చాను" అంది.

శేషమ్మ మూత తీసి చూసింది. పిండి తెల్లగా, నురగలా ఉంది. "ఇంకా చూస్తారేమే? పొయ్యిలు వెలిగించండి!" అని కేకేసింది.

నూకరత్నం వెనకే వీధి కదిలివచ్చింది. ఒకరు పెనం తెచ్చారు. ఒకరు పూలు తెచ్చారు. అందరికంటే ముందు మరిడమ్మ గుమ్మం ఎక్కింది. సువర్చలను చూసి, "ఇవాళ ఉన్నానండీ!" అంది. ఏడవబోయిన సువర్చల పెద్దగా నవ్వేసింది. చంద్రుడు వచ్చేలోగా మూడు పొయ్యిల మీద అట్లు కుప్పపడ్డాయి. ఒకరిద్దరు తప్ప వీధిలో ముత్తైదువలంతా ఆ ఇంట్లో ఉన్నారు. నోముకు కావలసినదానికన్నా ఎక్కువమందే ఉన్నారు.

చంద్రుణ్ణి చూసి హారతి పళ్ళెం పట్టుకుంది. పళ్ళెంలో అట్లు, బెల్లం, పసుపుకుంకుమలు ఉన్నాయి. వెండి భరిణ లేదు. అడుగున ఏమీ లేదు.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం" అన్నారు ముత్తైదువలు. ఈసారి అలవాటుగా అనలేదు. మనసారా అన్నారు. పుచ్చుకున్న మొదటి చెయ్యి నూకరత్నానిది. ఆ మణికట్టుకు గుడ్డ లేదు.

తరువాత సువర్చల కూడా మేడమీద వకుళ పక్కన కూర్చుని వస్తువుల గురించి చెప్పడం మొదలుపెట్టింది. మొదటి వీడియో నూకరత్నం గ్రైండరు గురించే. "పిండి వెన్నలా వస్తుంది. కానీ కింద రబ్బరు అరిగిందంటే నేలమీద నడక నేర్చుకుంటుంది, జాగ్రత్త!" అంది. చివర నవ్వుతూ, "నచ్చితే కొనుక్కోండి. నచ్చకపోతే మానెయ్యండి. నేనేమీ అనుకోను" అంది. ఆ నవ్వు చూసి, ఆ మాట విని జనం మళ్ళీ మళ్ళీ వచ్చారు. మొదట పాల ఖర్చు వచ్చింది. నెమ్మదిగా పాలతో పాటు కరెంటు బిల్లూ వచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి ఇద్దరు తోడికోడళ్ళూ తమ సంపాదనతో శ్రావణ శుక్రవారం పేరంటానికి వెండి భరిణెలు కొన్నారు. సోడాల కొట్టువారి పెద్దావిడ ఆ పేరంటానికి పిలవకుండానే వచ్చింది. పళ్ళెం పుచ్చుకునేముందు తాంబూలం ఎత్తి అడుగున చూసింది. వెండి భరిణ చూసి, "దీనికి వెలెంతే?" అంది.

"ఇచ్చి మరిచిపోయాను పెద్దమ్మా!" అంది సువర్చల.

నమ్మి వచ్చినవాళ్ళను మెట్లు చేసుకుని ఎక్కిన సంపాదన ఆ మెట్లతోనే కూలిపోతుంది. కాదనే హక్కు వాళ్ళకే వదిలి, ఉన్న నిజం చెప్పి సంపాదించినదే కలకాలం నిలుస్తుంది.